ముందు లిస్టు దాకా పోనియ్యండి



పోస్టు జెర పొడుగున్నది. టీబీ, హెచ్ఐవీ, అవయవ మార్పిడి, ఈ మూడూ మన తండాల్లో, గూడేల్లో నోరు తెరిచి మాట్లాడుకోని ముచ్చట్లే. సగం సగం చెప్తే గందరగోళం అయితదని ఒక్క దగ్గరనే మొత్తం రాస్తున్నం. ఓపికతోని చదవండి. ఒప్పుకోకపోతే కింద రాయండి, మాట్లాడుకుందాం.

మొన్న గ్రూపులో హెచ్ఐవీ ఉన్నోళ్లకు ఊపిరితిత్తులు మార్చే ఆపరేషన్ గురించి చర్చ నడిచింది. ఒక తమ్ముడు ఇట్ల అన్నడు: "దేశంల ఊపిరితిత్తులు దొరకుడే కష్టం. దొరికినయి మంచిగ బతికేటోళ్లకు ఇయ్యాలె గని హెచ్ఐవీ ఉన్నోళ్లకు ఇస్తే దండుగ గదా?" చాలామంది అవునన్నరు. ఇంకో అక్క వేరే మాట అన్నది: "మన తండాకు అంబులెన్సు వచ్చుడే గగనం. లక్షల రూపాయల ఆపరేషన్ ముచ్చట మనకెందుకు?"

రెండూ కొట్టిపారేసే మాటలు కావు. రెండింటికీ జవాబు కావాలె. ఎల్లారెడ్డిపేట, వీర్నపల్లి దిక్కు తండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మేము కొందరం దీని మీద చదివినం, తెలిసినోళ్లను అడిగినం, మాలో మేము కొట్లాడుకున్నం. చివరికి మేము నమ్మేది ఇది: హెచ్ఐవీ అన్న పేరు చూసి మనిషిని లిస్టు బయటనే నిలబెట్టడానికి ఇయ్యాల వైద్యంల కారణం లేదు, చట్టంల అనుమతి లేదు. మార్పిడి చెయ్యాల్నా వద్దా అన్నది పరీక్షలు చెప్పాలె. రోగం పేరు చెప్పొద్దు.

ముందు తమ్ముడు చెప్పిన లెక్క

దొరకుడు కష్టమన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. 2023లో మన దేశంల మొత్తం 18,378 అవయవ మార్పిడులు జరిగినయి. అందులో కిడ్నీలు 13,426, కాలేయాలు 4,491, గుండెలు 221. ఊపిరితిత్తులు 197 మాత్రమే. నూట నలభై కోట్ల జనంల 197.

ఎందుకంత తక్కువ? కిడ్నీ అయితే ఇంట్ల అమ్మనో అన్ననో బతికుండంగనే ఒకటి ఇయ్యొచ్చు. ఊపిరితిత్తులు దాదాపు అన్నీ బ్రెయిన్ డెడ్ అయినోళ్ల దగ్గర నుంచే రావాలె. వాళ్లలో కూడా చాలామందికి అప్పటికే ఊపిరితిత్తులు పాడై ఉంటయి, వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ వస్తది. మంచిగున్నయి దొరికినా తీసినంక ఆరు గంటల లోపల అటు ఇటు కొత్త మనిషికి పెట్టెయ్యాలె. రక్తం గ్రూపు కలవాలె, ఛాతీ సైజు కూడా కలవాలె.

ఇంకో నిజం కూడా దాచొద్దు. కిడ్నీ మార్పిడి అంత బాగా ఊపిరితిత్తుల మార్పిడి నిలబడదు. హెచ్ఐవీ లేనోళ్లలో కూడా, ఆపరేషన్ అయినోళ్లల్ల సగం మంది ఆరేడేండ్లకు మించి బతుకుతరు, మిగతా సగం అంతలోపలనే పోతరు. ఎందుకంటే ఊపిరితిత్తి రోజంతా బయటి గాలి పీల్చే అవయవం. దుమ్ము, పొగ, క్రిములు అన్నీ నేరుగా దాంట్లకే పోతయి.

అందుకే తమ్ముని ప్రశ్న న్యాయమైనదే. తక్కువ ఉన్న వస్తువును ఎవరికి ఇయ్యాలె? ఎక్కువ లాభం అయ్యేటోళ్లకు. ఇక్కడిదాకా మాకూ తమ్మునికీ గొడవ లేదు. హెచ్ఐవీ ఉన్నోళ్లకు లాభం కాదు అని ముందే తీర్పు ఇచ్చేసిన దగ్గర మొదలైతది గొడవ.

డాక్టర్లే మాట మార్చుకున్నరు

గుండె, ఊపిరితిత్తుల మార్పిడి చేసే డాక్టర్లకు ఒక అంతర్జాతీయ సంఘం ఉన్నది. ఎవరికి మార్పిడి చెయ్యొచ్చు, ఎవరికి చెయ్యొద్దు అని వాళ్లు పత్రాలు రాస్తరు, ప్రపంచమంతా దాదాపు వాటినే చూస్తది. 2006 పత్రంల హెచ్ఐవీని పూర్తి అడ్డంకుల లిస్టుల పెట్టిన్రు. అంటే హెచ్ఐవీ ఉంటే ఇగ మాట లేదు, ఫైలు మూసుడే. 2014కు వచ్చేసరికి మాట మారింది. మందులు సక్కగ వాడుతూ, రక్తంల వైరస్ కనబడని స్థాయిలో ఉంటే, అనుభవం ఉన్న ఆస్పత్రిలో చెయ్యొచ్చు అన్నరు. 2021 పత్రంల కూడా వైరస్ అదుపులో ఉన్న హెచ్ఐవీ పూర్తి అడ్డంకి కాదు.

ఎట్ల మారింది? కొందరు చేసి చూపించిన్రు కాబట్టి. పుట్టుకతో వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుతో ఊపిరితిత్తులు పాడైన, హెచ్ఐవీతో పాటు హెపటైటిస్ బి కూడా ఉన్న ఒక మనిషికి ఇటలీల మార్పిడి చేసి, అది నిలబడిందని అక్కడి డాక్టర్లు 2009లో వైద్య పత్రికల రాసిన్రు. తర్వాత వేరే దేశాల నుంచి కూడా ఒక్కొక్కటిగా వచ్చినయి.

కిడ్నీల సంగతైతే ఇంకా ముందుకు పోయింది. దక్షిణాఫ్రికాల కేప్‌టౌన్ నగరంల డాక్టర్ ఎల్మీ ముల్లర్ 2008లో హెచ్ఐవీ ఉండి చనిపోయినోళ్ల కిడ్నీలను హెచ్ఐవీ ఉన్న రోగులకే పెట్టుడు మొదలుపెట్టింది. అక్కడ పేదోళ్లకు డయాలసిస్ దొరకకపోయేది, హెచ్ఐవీ ఉంటే అసలే దొరకకపోయేది. అమెరికాల అయితే హెచ్ఐవీ ఉన్నోళ్ల అవయవాలు వాడుడు నేరంగ ఉండేది, 2013లో ఆ చట్టాన్నే మార్చిన్రు. 2024 చివర్ల కిడ్నీ, కాలేయాలకు పరిశోధన అన్న షరతు కూడా తీసేసిన్రు. అంటే హెచ్ఐవీ ఉన్నోళ్లు అవయవం తీసుకునేటోళ్లే కాదు, ఇచ్చేటోళ్లు కూడా అయిన్రు. తీసుకుంటే దండుగ అనేముందు ఈ సంగతి కూడా ఆలోచించాలె.

కష్టం ఉన్నది, దానికి మందు కూడా ఉన్నది

"మార్పిడి చేస్తే రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వేస్తరు గదా, హెచ్ఐవీల అది ముందే తక్కువ ఉంటది, ఇంకా తగ్గిస్తే ఎట్ల?" అని సైన్సు చదివే దోస్తులు అడిగిన్రు. మంచి ప్రశ్న.

మన దేశంల 2004 ఏప్రిల్ 1 నుంచి సర్కారు ఏఆర్‌టీ మందులు ఉచితంగ ఇస్తున్నది. 2017 నుంచి పాజిటివ్ అని తేలంగనే, శక్తి తగ్గేదాకా ఆగకుండ, మందులు మొదలుపెడుతున్నరు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది రోజుకు ఒక్కటే గోళీ. దాంట్ల టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసే ఉంటయి. అది తప్పకుండ వేసుకుంటే కొన్ని నెలల్ల వైరస్ పరీక్షకు కూడా దొరకనంత తగ్గిపోతది. అట్ల కనబడని స్థాయిలో ఉన్న మనిషి నుంచి కలయిక ద్వారా వేరేటోళ్లకు అంటదు కూడా. తగ్గిన శక్తి మెల్లమెల్లగ పెరుగుతది. అసోంటి మనిషికే మార్పిడి గురించి ఆలోచిస్తరు. వైరస్ అదుపులో లేనోళ్లకు, టీబీ లేసి ఉన్నోళ్లకు చెయ్యరు. అది సరైనదే.

రెండో కష్టం మందులకు మందులకు పడకపోవుడు. కొత్త ఊపిరితిత్తిని శరీరం తిప్పికొట్టకుండ టాక్రోలిమస్ అనే మందు ఇస్తరు. హెచ్ఐవీకి రెండో వరుసల వాడే రిటోనావిర్ ఉన్న మందులు వేసుకుంటే టాక్రోలిమస్ రక్తంల విపరీతంగ పెరిగిపోతది, కిడ్నీలు దెబ్బతింటయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ దానికి ఉల్టా, టాక్రోలిమస్‌ను తగ్గించేస్తది, డోలుటెగ్రావిర్‌ను కూడా తగ్గిస్తది. డోలుటెగ్రావిర్‌కు, టాక్రోలిమస్‌కు మాత్రం అసోంటి గొడవ లేదు. మన దగ్గర ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఆ గోళీనే. అంటే అమెరికాలో ఉన్నోళ్లకు దొరికే సౌలత్ కరీంనగర్ల మందు తీసుకునేటోళ్లకు కూడా ఉన్నది. ఈ లెక్కలు తెలిసిన డాక్టరు, మందు ఎంత ఉన్నదో చూసే ల్యాబు ఉంటే సాలు.

మరి షుగరు ఉన్నోళ్లకు మార్పిడి చేస్తున్నరు గదా? వాళ్లకు కూడా ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువనే. అప్పుడు దండుగ అని ఎవరన్నరు? షుగరు అంటే రోగం, హెచ్ఐవీ అంటే నడవడి అని మన మనసుల పడిపోయింది. అసలు అడ్డం అక్కడున్నది. భర్త నుంచి సోకిన ఆడోళ్లు, పుట్టుకతోని వచ్చిన పిల్లలు మన జిల్లాలల్ల లేరా? వాళ్లు ఏ నడవడికి లెక్క చెప్పాలె? ఎట్ల వచ్చిందో అడిగి ఊపిరి ఇచ్చేటట్టయితే బీడీ తాగినోళ్లను, సారా తాగినోళ్లను కూడా అడగాలె. ఆస్పత్రి గుడి కాదు, అక్కడ పాపపుణ్యాల లెక్క ఉండొద్దు.

మాకు తెలిసిన ఒక మనిషి

మా హాస్టల్ల ఉండే ఒక దోస్తుకు దగ్గరి చుట్టం ఒకాయన ఉన్నడు. ఊరు, తండా, వరస ఏదీ చెప్పం. ఎందుకు చెప్పమో కింద చెప్తం. గల్ఫ్ పోయి వచ్చినోడు. హెచ్ఐవీ ఉన్నది, మందు తప్పకుండ వేసుకుంటడు. మధ్యల టీబీ వచ్చి తగ్గింది గని, తగ్గేలోపల ఊపిరితిత్తులు చాలావరకు మచ్చలు పడ్డయి. ఇప్పుడు ఇంట్ల ఆక్సిజన్ మిషన్ పక్కన మంచం. మిషన్ నడవాలంటే కరెంటు ఉండాలె. కరెంటు పోయిందంటే ఇంటోళ్లందరూ సిలిండర్ దిక్కు ఉరుకుతరు.

హైదరాబాదుల ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకపోయిన్రు. మార్పిడి గురించి అడిగితే ముందు కౌంటర్ దగ్గరనే కాగితాలు చూసి, "హెచ్ఐవీ ఉంటే ఇక్కడ చెయ్యరు, తీసుకపోండి" అన్నరు. మార్పిడి డాక్టరు చూడనే లేదు. వైరల్ లోడ్ ఎంతున్నదని ఒక్కరు అడగలేదు. ఆ కాగితం సంచిలనే ఉన్నది. దాని మీద వైరస్ కనబడలేదనే రాసి ఉన్నది.

ఆయనకు మార్పిడి చేసేది ఉండె అని మేము అంటలేం. బరువు సాలకపోవచ్చు, గుండె తట్టుకోకపోవచ్చు, పాత టీబీ మచ్చలతోని ఛాతీ గోడకు ఊపిరితిత్తి అతుక్కుని ఆపరేషన్ కష్టం కావొచ్చు. డాక్టరు చూసి, పరీక్షలు చేసి, "ఈ కారణంతోని చెయ్యలేం" అంటే ఒప్పుకుంటం. ఏడ్చి అయినా ఒప్పుకుంటం. కౌంటర్ మీద కూసున్న మనిషి రోగం పేరు సదివి వాపస్ పంపుడు మాత్రం వైద్యం కాదు.

చట్టం ఏమంటది

2017ల పార్లమెంటు హెచ్ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం చేసింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలుల ఉన్నది. హెచ్ఐవీ ఉన్నదన్న కారణంతో వైద్యం నిరాకరించుడు, మధ్యల ఆపుడు, అన్యాయంగ చూసుడు వివక్ష అని మూడో సెక్షన్ల సాఫ్‌గ రాసి ఉన్నది. సర్కారు ఆస్పత్రి అయినా ప్రైవేటు ఆస్పత్రి అయినా ఒకటే. చదువు, ఉద్యోగం, కిరాయి ఇల్లు, అన్నిటికీ వర్తిస్తది.

ఫిర్యాదు వినడానికి ప్రతి రాష్ట్రంల అంబుడ్స్‌మన్ ఉండాలని కూడా ఆ చట్టమే చెప్తది. ఫిర్యాదు వచ్చిన 30 రోజులల్ల తీర్పు ఇయ్యాలె. ప్రాణం మీదికి వచ్చిన కేసు అయితే వీలైనంత వరకు 24 గంటలల్ల. ఈ ముచ్చట తండాల ఎంతమందికి తెలుసు? మనల ఎంతమందిమి ఇయ్యాల మొదటిసారి చదువుతున్నం?

అదే చట్టం ఇంకోటి కూడా చెప్తది. ఒక మనిషి హెచ్ఐవీ స్థితి ఆ మనిషి అనుమతి లేకుండ బయటపెట్టొద్దు. అందుకే పైన ఆయన ఊరు చెప్పలేదు. హెచ్ఐవీ ఉన్నోళ్ల మీద ద్వేషం పెంచేటట్టు రాసుడు, ప్రచారం చేసుడు నేరం. మూడు నెలల నుంచి రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. మన గ్రూపుల ఫార్వర్డ్ కొట్టేముందు గుర్తుంచుకోండి.

అక్క అన్న మాట

ఇప్పుడు అక్క ప్రశ్నకు వద్దాం. మనకెందుకు ఈ ముచ్చట?

మన దిక్కు ఊపిరితిత్తులు ఎక్కడ పాడైతున్నయో చూడండి. సిరిసిల్లల సాంచాల మధ్య దూది ధూళి. కరీంనగర్ చుట్టు గ్రానైట్ క్వారీలల్ల రాతి పొడి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊర్లల్ల ఆడోళ్లు చాటల తంబాకు పోసుకుని బీడీలు చుట్టుడు. ఇండ్లల్ల కట్టెల పొయ్యి పొగ. రాతి పొడి పీల్చినోళ్లకు టీబీ వచ్చే ముప్పు ఎక్కువ. హెచ్ఐవీ ఉన్నోళ్లకు టీబీ ఇంకా తొందరగ లేస్తది. ప్రపంచంల ప్రతి నలుగురు టీబీ రోగులల్ల ఒకరు మన దేశంలనే ఉన్నరు. ఊపిరితిత్తులను మింగే ఈ గొలుసు మన గడపల నుంచే పోతున్నది.

దానికి తోడు గల్ఫ్. వీసా కావాలంటే మెడికల్ పాస్ కావాలె. అక్కడ హెచ్ఐవీ పరీక్ష ఉంటది, ఛాతీ ఎక్స్‌రే ఉంటది. పాజిటివ్ వస్తే అన్‌ఫిట్. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన టీబీ మచ్చ కనబడ్డా అన్‌ఫిట్. అక్కడికి పోయినంక బయటపడితే వాపస్ పంపుతరు. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టిన మనిషి దగ్గు వస్తే ఏం చేస్తడు? దాస్తడు. మెడికల్ షాపుల గోళీలు కొనుక్కుంటడు. దాచిన టీబీ ఊపిరితిత్తిని తింటది. ఆయన వాపస్ వచ్చేసరికి ఇంట్ల ఇంకొకరికి అంటి ఉంటది.

ఏఆర్‌టీ మందు ఉచితమే. మందు దగ్గరికి పోవుడు ఉచితం కాదు. తండా నుంచి ఎల్లారెడ్డిపేట, అక్కడి నుంచి సిరిసిల్ల, మళ్లా బస్సు మారి కరీంనగర్. కిరాయి పైసలు, ఒకరోజు కూలి. పొద్దుగూకి ఇంటికొస్తే "యాడికి పోయినవ్" అన్న ప్రశ్న. ఆ ప్రశ్నకు భయపడి ఒక నెల ఎగ్గొడితే, ఇంకో నెల ఎగ్గొడితే, వైరస్ మళ్లా లేస్తది, మొదటి వరుస మందు పనిచెయ్యదు. అప్పుడు పైన చెప్పిన రెండో వరుస మందులు. అప్పుడు మార్పిడికి కూడా కష్టం. మార్పిడి లిస్టుల పేరు ఎక్కుతదా లేదా అన్నది హైదరాబాదుల కాదు, ఈ బస్సు కిరాయి దగ్గరనే తేలిపోతున్నది.

అందుకే అక్కా, ఈ రెండు ముచ్చట్లు వేరు కావు. పైన మార్పిడి లిస్టు దగ్గర "హెచ్ఐవీ వాళ్ల మీద ఇంత ఖర్చా" అన్న మాట చెల్లితే, అదే మాట కిందికి దిగి వస్తది. ఊరి ఆస్పత్రిల పుండుకు కట్టు కట్టేటప్పుడు, కాన్పు చేసేటప్పుడు, పళ్లు పీకేటప్పుడు అదే మాట అంటరు. పై గడప దగ్గర మనిషి విలువ తగ్గిస్తే కింది గడప దగ్గర పెరుగుతదా?

పైసల సంగతి కూడా నిజం చెప్పుకోవాలె. మన రాష్ట్రంల ఊపిరితిత్తుల మార్పిడి ఎక్కువ జరిగేది ప్రైవేటు కార్పొరేట్ ఆస్పత్రులల్లనే. పాతిక లక్షలకు పైన మాటే. 2023 డిసెంబర్‌ల ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచిన్రు, అది మంచిదే, గని దీనికి సాలది. ఆపరేషన్ అయినంక జీవితాంతం మందులు, కొన్ని నెలలు ఆస్పత్రి దగ్గరనే ఉండుడు, దుమ్ము లేని ఇల్లు, పొద్దుమాపు చూసుకునే మనిషి కావాలె. ఇంట్ల చూసుకునేటోళ్లు ఉన్నరా అని కూడా డాక్టర్లు అడుగుతరు. హెచ్ఐవీ అని తెలిసి ఇంటోళ్లే దూరం పెట్టిన మనిషి ఆ ప్రశ్నకు ఏం చెప్తడు? అక్కడ ఆయన్ని లిస్టు నుంచి తీసేసేది డాక్టరు కాదు, మనమే.

ఇచ్చేటోళ్లు ఎవరు?

ఒక్క సంగతి చాలామందికి తెల్వదు. 2023ల బ్రెయిన్ డెడ్ అయినోళ్ల అవయవదానంల తెలంగాణ దేశంలనే మొదటి స్థానంల ఉన్నది. దేశమంతా 1,099 మంది దాతలు ఉంటే, అందులో 252 మంది మన రాష్ట్రం వాళ్లే. నిమ్స్ ఆస్పత్రి నుంచి నడిచే జీవన్‌దాన్ పథకం ఈ పని చూస్తది.

బ్రెయిన్ డెడ్ ఎవరైతరు? ఎక్కువమంది రోడ్డు యాక్సిడెంట్లల్ల తలకు దెబ్బ తగిలినోళ్లు. బైకు మీద పొద్దుగాల పనికి పోయేటోళ్లు, లారీ క్లీనర్లు, డిగ్రీ పిల్లలు. ఆ గడియల కొడుకు పోయిన దుఃఖంల ఉన్న తల్లిదండ్రులు, "మా కొడుకు ఇంకొకరిలో బతుకుతడు" అని సంతకం పెడుతున్నరు. ఆ సంతకం పెట్టేటప్పుడు ఎవరికి ఇస్తరు, ఏ కులం, ఏ రోగం అని ఆ తల్లి అడగదు.

ఇచ్చేటప్పుడు మనందరి ఊపిరితిత్తులు ఒక్కటే అయినప్పుడు, తీసుకునేటప్పుడు కూడా ఒక్కటే కావాలె. ఇచ్చే లైన్ల పేదోళ్లు ముందు, తీసుకునే లైన్ల పేదోళ్లు వెనుక, హెచ్ఐవీ ఉన్న పేదోళ్లు లైన్ బయట. దీన్ని న్యాయం అని ఎట్ల అంటం?

మేము అడిగేది ఏంది?

ఒకటి. హెచ్ఐవీ ఉన్నోళ్ల విషయంల తమ పద్ధతి ఏందో ప్రతి మార్పిడి ఆస్పత్రి రాతపూర్వకంగ గోడ మీద పెట్టాలె. లిస్టుల పెట్టకపోతే ఏ వైద్య కారణంతో పెట్టలేదో కాగితం మీద రాసి, డాక్టరు సంతకంతో రోగి చేతికి ఇయ్యాలె. నోటిమాటతో వాపస్ పంపుడు బంద్ కావాలె. జీవన్‌దాన్ దీన్ని అడిగి తీసుకోవాలె.

రెండు. అంబుడ్స్‌మన్ ఎవరు, ఫిర్యాదు ఎట్ల చెయ్యాలె అన్నది ప్రతి ఏఆర్‌టీ కేంద్రంల, ప్రతి జిల్లా ఆస్పత్రిల తెలుగుల రాసి పెట్టాలె. తండాలల్ల గోర్‌బోలిల కూడా చెప్పాలె.

మూడు. ఊపిరితిత్తుల మార్పిడి సర్కారు ఆస్పత్రిల, పేదోళ్లకు పైసా ఖర్చు లేకుండ జరిగే రోజు రావాలె. జగిత్యాలకు 2022ల, సిరిసిల్లకు 2023ల సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. అక్కడ మార్పిడి చెయ్యమని అంటలేం. ఊపిరితిత్తుల డాక్టరు, మంచి ఎక్స్‌రే, వైరల్ లోడ్ రిపోర్టు తొందరగ వచ్చే ఏర్పాటు, ఇంటి దగ్గర ఆక్సిజన్ వాడేటోళ్లకు సాయం, ఇవి అక్కడనే దొరకాలె. హైదరాబాద్ పోవాల్సిన మనిషి టైముకు పోయేటట్టు చూడాలె.

నాలుగు. అన్నిటికన్నా ముందు ఊపిరితిత్తి పాడుకాకుండ కాపాడాలె. హెచ్ఐవీ ఉన్న ప్రతి మనిషికి టీబీ రాకుండ ఇచ్చే మందు అందాలె. క్వారీల పనిచేసేటోళ్లకు ఏడాదికి ఒకసారి ఛాతీ పరీక్ష కావాలె. టీబీ రోగులకు పోషణ కింద నెలకు 500 ఇచ్చేది 2024 నవంబర్ నుంచి 1,000 అయింది. అది ఖాతాల పడుతున్నదా లేదా అని మనలాంటి చదువుకున్న పిల్లలే చూడాలె. హెచ్ఐవీ ఉండి మందులు వాడేటోళ్లకు ఆసరా పింఛను ఉన్నది. పేరు బయటపడుతదని దరఖాస్తే పెట్టనోళ్లు ఉంటరు. వాళ్లకు గుట్టుగ సాయం చెయ్యాలె.

ఐదు. ఇది మన పని, సర్కారును అడిగేది కాదు. ఏఆర్‌టీకి పోయే మనిషి కనబడితే చూడనట్టు ఉండండి. అడిగితే తోడు పోండి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించండి, హాస్టల్ల దోస్తుకైనా సరే. సేవాలాల్ జయంతికి, తీజ్‌కు తండాకు పోయినప్పుడు నలుగురు పెద్దమనుషుల ముందు ఈ ముచ్చట ఒక్కసారి తీయండి. నాయక్, కార్‌భారి నోటి నుంచి "హెచ్ఐవీ ఉన్న మనిషిని ఎవ్వరూ దూరం పెట్టొద్దు" అన్న మాట వస్తే, మన పోస్టులు వంద రాసినా రానంత బలం వస్తది.

తమ్ముడూ, నువ్వు అడిగినందుకే ఇదంతా రాసినం. దొరికిన ఊపిరితిత్తి దండుగ కావొద్దన్నవు, మేమూ అదే అంటున్నం. దండుగ అయితదో కాదో చెప్పే కాగితం ఆ మనిషి సంచిలనే ఉన్నది. అది సదివినంక మాట్లాడుదాం. సదవకముందే వాపస్ పంపొద్దు.

ఒప్పుకున్నోళ్లు, ఒప్పుకోనోళ్లు ఇద్దరూ కింద రాయండి. ఎవరి పేరు, ఎవరి ఊరు మాత్రం రాయకండి.